ఇంకో పది నిమిషాలు

రేపు పొద్దున మొదటి కేసు అదే.
అందుకే ఈ రాత్రి మెషిన్ కడుగుతున్న.
నీళ్లతోని కాదు, గాలితోని.

మత్తు ఆవిరి డబ్బాలు రెండూ ఊడదీసి
గది బయట బీరువల పెట్టి తాళమేసిన.
సున్నపు గుళికలు పారబోసి కొత్తవి పోసిన.
గొట్టాలు మార్చిన, నల్ల సంచి మార్చిన.
ఇగ ఆక్సిజన్ నిండుగ తిప్పి
స్టూలు మీద కూసున్న, గడియారానికి ఎదురుగ.
నిన్నటి రోగి పీల్చిన మత్తు
ఇనుము సందులల్ల, రబ్బరు లోపల
ఇంకా దాసుకొని ఉంటదట.
నుస్రత్ మేడమ్ అన్నది:
"నీ ముక్కుకు తెల్వకపోవచ్చు,
వాని కండకు తెలుస్తది."

వాడు మణిదీప్. పన్నెండేండ్లు.
ఎనుమాముల మార్కెట్ల హమాలీ రాజమొగిలి కొడుకు.
చక్రాల కుర్చీలకెళ్లి జారి
తొడబొక్క రెండైంది.
చిన్నప్పుడు వాని పిక్కలు చూసి
వాడకట్టంత పహిల్వాన్ అన్నదట.
అంత లావు పిక్కలు!
అవి బలం కాదని
బడి మెట్ల కాడ మోకాళ్ల మీద చేతులూని
వాడు లేసిన్నాడు తెలిసింది.

మధ్యాహ్నం మేడమ్ వాని తల్లిని అడుగుతనే ఉన్నది.
గుండె ఎకో ఎప్పుడు తీసిన్రు?
రాత్రి పండుకుంటే ఊపిరి సక్కగ ఆడుతదా?
దగ్గుతడా?
"మార్కెట్లకు మిర్చి వచ్చిన్నాడు
ఆయన అంగి నిండ ఘాటే, మేడమ్.
ఇంట్ల అందరం దగ్గుతం.
వాడు దగ్గపోతడు. దగ్గు రాదు.
కండ్లల్ల నీళ్లే వస్తయి."
మేడమ్ రాసుకున్నది:
ఐసీయూల మంచం, ఊపిరి మిషను, రెండు రోజులు.

ఆఖరికి అడిగింది.
"మీ తల్లిగారింట్ల ఆపరేషన్ బల్ల మీద
ఎవరన్న పోయిన్రా?"

కోమల కొంగు అంచు వేలుకు చుట్టుకున్నది,
విప్పుకున్నది.
"మా తమ్ముడు, మేడమ్. ఐలేశు.
గొంతుల గడ్డలకని తీస్కపోయిన్రు. ఎనిమిదేండ్లు.
నడుచుకుంట పోయిండు లోపలికి.
మా అవ్వ డాక్టర్‌ను తిట్టింది.
మా బాపు అవ్వను తిట్టిండు.
ఊరేమో పోశవ్వకు మొక్కు తప్పిన్రన్నది.
వానికి గూడ గిట్లనే, లావు పిక్కలు."

చాలసేపటికి మళ్ల అడిగింది:
"అయితే ఇది నాకెళ్లే వచ్చిందా?"
మేడమ్ అబద్ధం చెప్పలే.
నీళ్ల గ్లాసు ఆమె దిక్కు జరిపి
ఫైలు మీద ఎర్ర పెన్నుతోని
రెండు గీతలు గీసింది.

నాకు ఆ గీతలకన్న
నా చెయ్యంటేనే భయం.
ఇరవై రెండేండ్ల చెయ్యి.
రోగి నీలమెక్కుతుంటే
కేక వినకముందే ఫ్రిజ్ తలుపు తీసి
స్కోలిన్ సీసా మెడ విరిచే చెయ్యి.
ఎందరినో దక్కించిన మందు అది,
అర నిమిషంల గొంతు తెరిపిచ్చి.
గిసొంటి పిల్లల ఒంట్లకు పోతే
కండలు పగిలి, పొటాషియం నెత్తుట్ల కలిసి
గుండె నిలవడ్తది.
ఐలేశుకు ఏ మందు ఇచ్చిన్రో
ఏ కాయిదం మీదా లేదు.
ఆనాడు ఆ సీసా విరిచినోడు
నా అసొంటోడే అయి ఉంటడు,
మంచి అలవాటు చేతిల ఉన్నోడు.

అందుకే సీసాలు అట్టపెట్టెతోని సహ
రెండో థియేటర్ల ఇచ్చి వచ్చిన.
ఫ్రిజ్ తలుపుకు అడ్డంగ తెల్లటేపు అతికిచ్చిన.
రేపు నా చెయ్యి పోతే
టేపు తగలాలె.

సాయంత్రం వార్డుకు పోయిన, నరం చూసొద్దామని.
వాడు అడిగిండు,
"మూతికి మాస్కు పెడ్తవా, అన్నా?"
"గాలికి పెడ్తం. మత్తుకు కాదు.
మత్తు నరంలకెళ్లి, పాలోలె తెల్లగుంటది."
"ఎన్ని దాకా లెక్కపెట్టాలె?"
"నీకెన్ని వస్తయో అన్ని."
"నాకు లక్షలు గూడ వస్తయి," అన్నడు కోపంగ.

కాజీపేట దిక్కు గూడ్సు బండి కూసింది.
గంటా ఇరవై నిమిషాలైంది.
ఖాళీ బల్ల మీదికి
ఎవలకోసమో మెషిన్ ఊపిరి ఊదుతనే ఉన్నది.
గొట్టం మూతి ముక్కు కాడ పెట్టుకొని చూసిన.
ఏ వాసనా లేదు.

ఇంకో పది నిమిషాలు పెట్టిన.